సున్నా వచ్చిన చోట

నాకు ఒకచోట కాలు నిలవదు. క్లాసులో కుర్చీ వేసే ఉంటుంది, కూర్చోను. స్టాఫ్‌రూములో ఫ్యాను కింద సీటు నాదే అయినా, అయిదు నిమిషాలకోసారి లేచి కిటికీ దాకా వెళ్లి వస్తాను. మా ఇంట్లో నాకు కాలుగాలిన పిల్లి అని పేరు. అలాంటి మనిషిని పందొమ్మిదేళ్లుగా పిల్లలకు స్థిర బిందువుల పాఠం చెబుతున్నాను. విజయవాడ దాటాక బందరు రోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీ, మొదటి సంవత్సరం లెక్కలు.

పాఠం చెప్పుకోవడానికి పెద్ద కష్టమైనదేం కాదు. ఎత్తుపల్లాలున్న నేల ఒకటి ఊహించుకోండి. తూర్పుకి ఎంత జరిగామో అది ఎక్స్, ఉత్తరానికి ఎంత జరిగామో అది వై. ఆ రెండూ ఇస్తే అక్కడ నేల ఎంత ఎత్తులో ఉందో ఒక సూత్రం చెబుతుంది. ఆ నేల మీద ఎటువైపూ వాలు లేని చోట్లు కొన్ని ఉంటాయి. మిట్ట కొన మీద వాలుండదు, గుంట అడుగున వాలుండదు. వాటిని పట్టుకోవడం మొదటి పని. ఎక్స్ వైపు వాలు సున్నా, వై వైపు వాలు సున్నా అని రెండు సమీకరణాలు రాసి సాధిస్తే అవి దొరుకుతాయి. దొరికినవాటిలో ఏది మిట్ట, ఏది గుంట, ఏది రెండూ కాదు అని తేల్చడం రెండో పని. దానికి మా పుస్తకాల్లో ఒక పరీక్ష ఉంది. సూత్రాన్ని రెండోసారి అవకలనం చేస్తే వచ్చే మూడు విలువలకు ఆర్, ఎస్, టీ అని పేర్లు పెట్టి, ఆర్‌టీ మైనస్ ఎస్ స్క్వేర్ కట్టాలి. అది సున్నా కంటే ఎక్కువైతే ఆర్ గుర్తు చూసి మిట్టో గుంటో చెప్పేయొచ్చు. తక్కువైతే రెండూ కాదు, శాడిల్ పాయింట్.

సరిగ్గా సున్నా వస్తే పరీక్ష చేతులెత్తేస్తుంది. అక్కడ పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది, ఈ సందర్భంలో మరింత పరిశీలన అవసరం అని. మా పిల్లలు ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో బట్టీపట్టి, కింద రెండు గీతలు గీసి, పేజీ తిప్పేస్తారు. పరిశీలన అవసరం అని రాస్తే చాలు, పరిశీలించక్కర్లేదు. మార్కులు ఆ వాక్యానికే. నేనూ అలాగే చదివాను, అలాగే పాసయ్యాను, ఆ చదువుతోనే ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇందులో వింతేమిటో నాకు చాలా ఏళ్లు తట్టనే లేదు.

నాలుగేళ్ల కిందట ఒకరోజు తట్టింది. అదీ తెలివితేటల వల్ల కాదు, కోపం వల్ల. ఆ రోజు కరెంటు లేదు, అరవైమంది పిల్లలు నోటుపుస్తకాలతో విసురుకుంటున్నారు. శాడిల్ పాయింట్ అంటే ఏమిటని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో "ఆర్‌టీ మైనస్ ఎస్ స్క్వేర్ లెస్ దేన్ జీరో" అని అరిచింది.

"అది సరే. శాడిల్ అంటే ఏంటి?"

"గుర్రం మీద వేసే సీటు మేడమ్."

"ఎవరైనా గుర్రం ఎక్కారా?"

వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "మా బావ ఎక్కాడండీ, పెళ్లిలో."

"జీను ఎలా ఉందో చూశావా మరి?"

"లేదండీ. ఎక్కగానే పడిపోయాడండీ."

క్లాసు గొల్లుమంది. నాకు మాత్రం ఒళ్లు మండింది, వాడి మీద కాదు, నా మీద. ఈ డెల్టాలో పుట్టి, ఈ డెల్టాలో పుట్టిన పిల్లలకు పాఠం చెబుతూ, ఎవరూ ఎక్కని గుర్రం జీను పట్టుకుని వేలాడటం ఏమిటి? నేనూ వ్యవసాయం ఇంట్లో పుట్టినదాన్నే. కాలువ గట్ల మీద నడిచే బడికి వెళ్లాను. సుద్దముక్క పక్కన పడేసి అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పాను.

"కాలువ గట్టు మీద నడుస్తున్నారనుకోండి. ఒకచోట గట్టు కాస్త కుంగి ఉంది. గట్టు వెంట నడిచేవాడికి ఆ దారిలో అదే పల్లం. ఇంకొకడు కాలువలోంచి పైకెక్కి అదే చోట గట్టు దాటి చేలోకి దిగుతున్నాడు. వాడికి ఆ దారిలో అదే మెరక. చోటు ఒక్కటే. ఒక దారిలో పల్లం, ఇంకో దారిలో మెరక. శాడిల్ అంటే అదీ."

మూడో బెంచీ చివర కూర్చున్న ఒక అమ్మాయి లేవకుండానే, తనలో తను అనుకుంటున్నట్టు అడిగింది. "గండి పడే చోటాండీ?"

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నీళ్లు పొంగితే గట్టు తెగేది సరిగ్గా అక్కడే. పందొమ్మిదేళ్లలో ఒక విద్యార్థి నా పాఠాన్ని నాకంటే బాగా చెప్పడం అదొక్కసారే. ఆ ఊపులో ఇంకో మాట కూడా అన్నాను. "పరీక్ష సున్నా ఇచ్చిందనుకోండి, అక్కడ ఆగిపోకండి. గట్టెక్కండి. ఆ దారిలో నడవండి, ఈ దారిలో నడవండి. మెరకో పల్లమో మీ కాళ్లకే తెలుస్తుంది." అన్నాను, గంట కొట్టారు, వెళ్లిపోయాను. మర్నాటికి సిలబస్ మిగిలిపోతోందన్న కంగారులో పడ్డాను.

ఆ అమ్మాయిది పామర్రు అవతల ఊరు. ఇంట్లో వాళ్లు చేపల పని చేస్తారని తెలుసు, అంతకంటే పెద్దగా తెలియదు. తెలుగు మీడియంలో చదివి వచ్చింది. లెక్క బాగా చేస్తుంది కానీ ఇంగ్లీషులో వాక్యం రాయాలంటే దడ. మొదటి సంవత్సరం పరీక్షల సమయంలో టైఫాయిడ్ వచ్చి లెక్కల పేపరు పోయింది. తర్వాత రెండుసార్లు రాసింది, రెండుసార్లూ తప్పింది. మిగతావన్నీ పాసైంది. నాలుగో సంవత్సరంలో క్యాంపస్ ఇంటర్వ్యూలో ఉద్యోగం వచ్చింది, కానీ చేరే నాటికి ఒక్క పేపరు కూడా మిగిలి ఉండకూడదని షరతు. అందుకని ఈ ఏడు వేసవిలో ఆ లెక్కల పేపరు మళ్లీ రాసింది. ఆ ఉద్యోగం ఆ ఒక్క పేపరు మీద ఆగి ఉంది.

అదే వేసవిలో నేను పేపర్లు దిద్దడానికి వెళ్లాను. దిద్దుబాటు క్యాంపు ఎలా ఉంటుందో చెప్పకపోతే నేను చేసిన పని అర్థం కాదు. మే నెల ఎండ. పెద్ద హాలు, పొడుగు బల్లలు. జవాబుపత్రాల మీద పేర్లుండవు, కోడ్ నంబర్లుంటాయి. పక్కన స్కీము కాగితం ఉంటుంది. ఏ అడుగుకి ఎన్ని మార్కులో అందులో రాసి ఉంటుంది. పూట తిరిగేసరికి ఒక కట్ట పూర్తి కావాలి. పిల్లలు ఖాళీ పేజీలు నింపడానికి ఏవేవో రాస్తారు. ఇష్టదైవాల పేర్లు, సార్ దయచేసి పాస్ చెయ్యండి అని వేడుకోళ్లు, ఒకడైతే వాళ్లమ్మ ఆరోగ్యం గురించి అర పేజీ. నేను అలాంటివాటిని ఒక్క గీతతో కొట్టేస్తాను. జాలి పడితే సాయంత్రానికి కట్ట తెమలదు. నా చెయ్యి వేగమని పేరు కూడా ఉంది, ఆ పేరంటే నాకు సరదా కూడాను.

ఆ పేపర్లో ఒక లెక్క ఇచ్చారు. ఎక్స్ పవర్ ఫోర్, ప్లస్ వై పవర్ ఫోర్, మైనస్ ఎక్స్ మైనస్ వై హోల్ స్క్వేర్. వాలు లేని చోట్లు మూడొస్తాయి. (1, −1), (−1, 1) దగ్గర ఆర్‌టీ మైనస్ ఎస్ స్క్వేర్ తొంభై ఆరు, ఆర్ విలువ పది. రెండూ గుంటలే. (0, 0) దగ్గర మాత్రం ఆర్ మైనస్ రెండు, టీ మైనస్ రెండు, ఎస్ రెండు. నాలుగులోంచి నాలుగు పోతే సున్నా. స్కీములో దానికి రెండు మార్కులు, పక్కన 'మరింత పరిశీలన అవసరం' అని. కట్టలో అందరూ అదే రాశారు. అందరికీ టిక్కు పెట్టుకుంటూ పోయాను.

ఒక పేపర్లో ఆ వాక్యం లేదు. దాని బదులు ఇంకో నాలుగు లైన్లున్నాయి. వాటి చివర ఇంగ్లీషు అక్షరాల్లో గండి అని, ఆ పక్కన గట్టు అనే అర్థంలో బండ్ అని కనిపించాయి. నేను వాటిని అలా చదవలేదు. జాతిపిత పేరు రాయబోయి హెచ్ ఒక్కటి మరిచిపోయారనుకున్నాను. పక్కన బండ్ అని ఉన్నది బంద్ అనుకున్నాను. లెక్కల పేపర్లో జాతిపితా, బంద్‌లూ ఏమిటి, పేజీ నింపడానికి సోషల్ పాఠం రాసి చచ్చారు అని నవ్వుకుని, పక్కనున్న లెక్చరర్‌కి చూపిద్దామనుకుని, టైము లేక, ఆ నాలుగు లైన్లనూ ఒక్క గీతతో కొట్టేశాను. పక్కన సున్నా వేసి దాని కింద చిన్న అడ్డగీత గీశాను. నా అలవాటది. ఆ తర్వాత ఆ సంగతి మరిచిపోయాను.

వర్షాలు పట్టాక, కాలువలకు నీళ్లొదిలిన రోజుల్లో, ఆ అమ్మాయి స్టాఫ్‌రూముకి వచ్చింది. చేతిలో జిరాక్సు కాగితాలు.

"మేడమ్, ఒక్క నిమిషమండీ. ఎమ్-వన్ లెక్కల పేపరు కాపీ తెప్పించుకున్నానండీ. రెండు మార్కుల్లో పోయింది. ఈ లెక్కలో నేనెక్కడ తప్పు చేశానో చెప్తారా?"

తీసుకుని చూశాను. ఎర్ర ఇంకు జిరాక్సులో నల్లగా పడింది. అయినా నా గీత నాకు తెలియకుండా ఉంటుందా? సున్నా కింద అడ్డగీత. ఆ గీత వెనక నాలుగు లైన్లు, ఈసారి కుదురుగా చదివాను. ఎక్స్, వై సమానంగా ఉండే దారిలో వెళితే చివరి ముక్క పోతుంది, రెండు ఎక్స్ పవర్ ఫోర్ మిగులుతుంది, ఎటు కదిలినా పైకే. వై సున్నాగా ఉంచి ఎక్స్ దారిలో వెళితే దగ్గరలో అంతా కిందికే. కాబట్టి మిట్టా కాదు, గుంటా కాదు, శాడిల్ పాయింట్. చివరి లైను: చెరువు గట్టులో గండి పడే చోటు లాంటిది.

అక్షరం తప్పు లేదు. అది నేను చెప్పిన పాఠం. నేను నడవమన్న చోట ఆ పిల్ల నడిచింది. సున్నా దగ్గర ఆగిపోయినవాళ్లందరికీ టిక్కులు పెట్టి, ఆగకుండా వెళ్లిన ఒక్కదానికి సున్నా వేశాను.

నోరు తెరిస్తే ఏం వస్తుందో తెలియక, "నాకు క్లాసుంది. ఇవి ఇక్కడుంచు, చూసి చెప్తాను" అన్నాను. ఆ గంట నాకు క్లాసు లేదు. ఆ సంగతి గోడ మీద టైంటేబుల్లో ఉంది.

"సరేనండీ. శుక్రవారం దాకానే చాలెంజి వెయ్యడానికి టైమిచ్చారండీ" అని, కాగితాలు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. చాలెంజి అంటే, నా పేపరు మళ్లీ దిద్దండి అని యూనివర్సిటీకి అర్జీ పెట్టుకోవడం. ఆ రోజు మంగళవారం.

ఆమె వెళ్లాక అయిదారుసార్లు కిటికీ దాకా తిరిగాను. నిజం చెప్పాలంటే నా కోపం ముందు ఆ పిల్ల మీదికే పోయింది. తెలుగు మాట ఇంగ్లీషు అక్షరాల్లో ఎందుకు రాయాలి? స్కీములో ఉన్న ముక్క ఒక్కటి రాసి ఊరుకోవచ్చుగా, అందరూ ఊరుకోలేదా? అలా కాసేపు తిట్టుకున్నాక, తిడుతున్నది ఎవరినో నాకే వినపడి సిగ్గేసింది. మా హెడ్ గారి గదికి వెళ్లి తలుపు వేసి సంగతంతా చెప్పాను.

ఆయన నిదానస్తుడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కోడ్ నంబరు పేపరండీ అది. దిద్దింది మీరని ఆ అమ్మాయికి తెలీదు, ఎవరికీ తెలీదు. చాలెంజి వేసుకోమనండి, వేరేవాళ్లు దిద్దుతారు."

"వేరేవాళ్ల ముందూ అదే స్కీము ఉంటుంది కదండీ. అందులో శాడిల్ పాయింట్ అని లేదు."

"అయితే మార్కులు రావు."

"జవాబు కరెక్టండీ."

"కాదన్నానా మేడమ్ గారూ? స్కీము ప్రకారం కాదంటున్నాను." ఆయన గొంతు తగ్గించారు. "మీరు కాగితం మీద ఒప్పుకున్నారనుకోండి, మీరు దిద్దిన కట్టలన్నీ బయటికి తీస్తారు. మళ్లీ మిమ్మల్ని క్యాంపుకి పిలవరు. కాలేజీ పేరూ వస్తుంది. ఎందుకండీ మీకు ఇదంతా? బాగా ఆలోచించుకోండి."

ఆలోచించడం నాకు చేతకాదు, తిరగడం చేతనవును. ఆ సాయంత్రం పటమటలో మా ఇంటి నుంచి రైతుబజారుకి బయల్దేరి, అక్కడ బెండకాయల ముందు నిలబడి, ఏం కొనడానికొచ్చానో గుర్తురాక ఖాళీ సంచితో తిరిగొచ్చాను. మర్నాడు కాలేజీ నుంచి వస్తూ ఏదో సిటీ బస్సు ఎక్కేసి గుణదలలో తేలాను. ఎందుకు ఎక్కానంటే ఏం చెప్పను, బస్సు కదులుతోంది కాబట్టి ఎక్కాను. ఇంట్లో అన్నం ముందు కూర్చుని మూడుసార్లు లేచాను. ఆ మూడుసార్లూ లేచింది ఫోను కోసమే. ఆ అమ్మాయికి చేసి, రెండు రింగులయ్యాక పెట్టేశాను. నేను చేసిన తప్పు చిన్నదని నాకు నేను ఎన్ని రకాలుగా చెప్పుకున్నానో లెక్కలేదు. దిద్దేటప్పుడు తప్పులు ఎవరికి రావు? నిజమే, కానీ ఆ కాగితాలు నా బల్ల మీద పెట్టి అడిగినప్పుడు లేని క్లాసు ఉందన్నానే, అది ఎండ వల్ల కాదు, కట్టల తొందర వల్ల కాదు. అది భయం. నన్ను పడుకోనివ్వనిది ఆ అబద్ధమే.

గురువారం దాకా ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. సర్టిఫికెట్ల పని మీద కాలేజీకి వచ్చిన ఆమె స్నేహితురాలిని పిలిచి అడిగాను.

"ఊరెళ్లిపోయిందండీ మేడమ్."

"చాలెంజి వేసిందా?"

"వెయ్యనంటోందండీ. ఎంత చెప్పినా వినట్లేదు. తప్పు నాదేనే, మళ్లీ ఎందుకు అంటోందండీ."

శుక్రవారం పొద్దున సెలవు చీటీ రాసి హెడ్ గారి బల్ల మీద పెట్టి, బందరు బస్సెక్కాను. సీటు దొరికినా నిలబడే ఉన్నాను. కంకిపాడు దాటింది, ఉయ్యూరు దాటింది. రెండు పక్కలా నాట్లు పడుతున్నాయి. గట్టు అంచుల దాకా నీళ్లున్న కాలువ రోడ్డు పక్కనే వస్తోంది. కండక్టరు రెండుసార్లు "కూర్చోండమ్మా" అన్నాడు. పామర్రులో దిగి షేర్ ఆటో ఎక్కి, ఊరు పేరు చెప్పి, చేపల చెరువుల దగ్గర దిగాను.

అక్కడ చొక్కా లేకుండా మేత బస్తా మోస్తున్న ఒకాయన్ని దారి అడిగితే, ఆయనే వాళ్ల నాన్న. కాలేజీ మేడమ్‌నని చెప్పేసరికి బస్తా దించి, భుజం మీది తువ్వాలు తీసి ఒంటి చుట్టూ కప్పుకున్నాడు.

"రండి రండి మేడమ్ గారండీ. ఫోను చేస్తే బండి పంపేవోణ్ణి గదండీ. ఇటు రండి, ఆ పక్కన గట్టు మెత్తగా ఉంది, కాలు దిగుద్ది." నా ముందు నడుస్తూ, వెనక్కి తిరక్కుండా అడిగాడు. "పిల్ల ఏమన్నా తప్పు పన్జేసిందాండీ?"

"లేదండీ. తను ఏ తప్పూ చెయ్యలేదు."

"ఏమోనండీ. మూడ్రోజుల నుంచి ఒకటే కాయితాలు. అన్నం తింటా కూడా ఆ కాయితాలేనండీ. వాళ్లమ్మ అడిగితే, ఒక లెక్క తేలట్లేదమ్మా అంటది. మాకేం తెలుస్తాయండీ లెక్కలు? ఇంతోటి చదువు చదివి ఒక లెక్క కాడ ఆగిపోవటవేంటో మాకర్థం కాలా."

వరండాలో చాప మీద ఆ అమ్మాయి కూర్చుని ఉంది. నన్ను చూసి గబుక్కున లేచింది. చుట్టూ కాగితాలు. చూస్తే అన్నింటిమీదా ఒకటే లెక్క. ఎక్స్ పవర్ ఫోర్, ప్లస్ వై పవర్ ఫోర్. ఒక కాగితంలో వై బదులు రెండు ఎక్స్ పెట్టింది, ఇంకోదాంట్లో మైనస్ ఎక్స్ పెట్టింది. ఎన్నెన్ని దారులు ఉంటాయో అన్ని దారుల్లోనూ నడిచి చూసింది. ప్రతిచోటా చివర శాడిల్ పాయింట్ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

బస్సులో సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. నిలబడే అన్నాను. "అది కొట్టేసింది నేనేనమ్మా. నేనే దిద్దాను ఆ పేపరు."

"తెలుసండీ" అంది.

నాకు అర్థం కాలేదు. "తెలుసా?"

"సున్నా కింద గీత ఉందిగదండీ. మా అసైన్‌మెంట్లలో మీరు అలాగే పెడతారు." కాగితాల వైపు చూపించింది. "వేరే ఎవరైనా అయితే స్కీము చూసి కొట్టేశారనుకునేదాన్నండీ. మీరు కొట్టేశారంటే తప్పే అయ్యుంటుంది గదా అని. ఎక్కడ తప్పో మీరే చెప్తారని వచ్చాను. మీకు క్లాసుందన్నారు. సరే నేనే వెతుక్కుందామని మూడ్రోజుల నుంచి చూస్తన్నానండీ. ఎంత చేసినా తప్పు దొరకట్లేదు."

నేను చాప మీద కూలబడ్డాను. నా తప్పు ఆ పిల్ల ఉద్యోగానికి అడ్డం పడిందనే ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. కానీ అది అంతటితో ఆగలేదు. తన కళ్లతో చూసి, తన చేత్తో చేసి, సరిగ్గా తేల్చుకున్న లెక్కను, నా గీత ఒక్కటి చూసి తప్పనుకుంది. లేని తప్పు కోసం మూడు రోజులు వెతికింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. వాళ్లమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, ఏమైందో తెలియక, నా పక్కనే నిలబడిపోయింది.

"నువ్వు చేసింది కరెక్టు. నేను చదవకుండా కొట్టేశాను. గండిని ఇంకేదో అనుకున్నాను" అని, హెచ్ లేని జాతిపిత సంగతంతా చెప్పాను. ఆ అమ్మాయి మొదట తెల్లబోయింది, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను.

ఆ తర్వాత జరిగినవి చెప్పేస్తాను. ఆ పేపరు దిద్దింది నేనేననీ, జవాబు సరైనదనీ, చదవకుండా కొట్టేశాననీ, స్కీములోనే అసలు లోపముందనీ యూనివర్సిటీ పరీక్షల విభాగానికి ఉత్తరం రాసి సంతకం పెట్టాను. నాకు మెమో వచ్చింది. దిద్దుబాటు క్యాంపు జాబితాలోంచి నా పేరు తీసేశారు. హెడ్ గారు నాతో మాట్లాడుతున్నారు గానీ పొడిపొడిగా. ఆ అమ్మాయికి రెండు మార్కులూ కలిశాయి, చెప్పిన తేదీకే ఉద్యోగంలో చేరింది. కానీ ఇవేవీ ఆ శుక్రవారం మధ్యాహ్నం మాకు తెలియవు. అప్పటికి మాకు తెలిసిందల్లా అయిదింటితో గడువు అయిపోతుందని.

ఫోనులో సిగ్నలు అందక ఆ అమ్మాయి వరండా చివరికి జరిగి, స్తంభానికి ఆనుకుని కూర్చుని అర్జీ ఫారం తెరిచింది. హాల్‌టికెట్ నంబరు, పేపరు కోడు నింపింది. చివర ఒక గడి ఉంది, మళ్లీ ఎందుకు దిద్దాలో కారణం రాయమని. చాలాసేపు రాసింది. చూపించమన్నాను. గౌరవనీయులైన సార్‌కి, నేను పేద విద్యార్థిని, నా వల్ల కలిగిన ఇబ్బందికి క్షమించి, దయచేసి నా పేపరు మరొక్కసారి చూడవలసిందిగా వేడుకుంటున్నాను అని, ఇంగ్లీషులో, తప్పులు లేకుండా రాసింది. మా కాలేజీలో సెలవు చీటీ నుంచి అన్నీ ఇలాగే రాయిస్తాం. మేమే నేర్పాం.

"ఇదంతా తీసెయ్" అన్నాను.

"మరేం రాయనండీ?"

"ఎందుకు దిద్దాలో అది రాయి. వేరే ఏం వద్దు."

తీసేసింది. ఖాళీ గడి వైపు చూస్తూ కూర్చుంది. లోపల వాళ్లమ్మ పొయ్యి మీద ఏదో పెట్టినట్టుంది, వాళ్ల నాన్న మెట్ల మీద కూర్చుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. నాకు లేచి నాలుగడుగులు తిరగాలని కాళ్లు పీకుతున్నాయి, తిరగలేదు. చివరికి ఆ అమ్మాయి నాలుగే మాటలు కొట్టి ఫోను నాకు చూపించింది. ఇంగ్లీషులో, నా జవాబు కరెక్టు అని.

"ఇలా రాయొచ్చాండీ మేడమ్?"

రాయొచ్చు అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"లెక్క చేసింది నువ్వు. నన్నెందుకమ్మా అడుగుతావు?"

ఆ అమ్మాయి ఫోను పక్కన పెట్టి, చాప మీది కాగితాల్లోంచి ఒకటి తీసింది. పై నుంచి కింది దాకా, ఒక్కో లైను కింద వేలు పెట్టుకుంటూ, నెమ్మదిగా చదువుకుంది. శాడిల్ పాయింట్ పక్కనున్న ప్రశ్నార్థకాన్ని కొట్టేసింది. అప్పుడు ఫోను తీసుకుని అర్జీ పంపించింది.